డైనోసార్ బొమ్మల సేకరణ: స్కేలు కొలిచి, నాణ్యత చూసి కొనే పద్ధతి

అరలో టైరనోసారస్, వెలోసిరాప్టర్ పక్కపక్కనే రెండూ పదిహేనేసి సెంటీమీటర్లు ఉంటే అది బొమ్మల కొట్టు. టైరనోసారస్ ముప్పై సెంటీమీటర్లు, దాని కాళ్ళ దగ్గర వెలోసిరాప్టర్ అయిదు సెంటీమీటర్లు ఉంటేనే అది సేకరణ. తేడా అంతా స్కేలులో ఉంది. స్కేలు అంటే బొమ్మ అసలు జంతువులో ఎన్నో వంతు పొడవుందో చెప్పే నిష్పత్తి; 1:40 అంటే నలభయ్యో వంతు. డబ్బా మీద రాసిన స్కేలును కానీ, బొమ్మ పొట్ట కింద ముద్రించిన మ్యూజియం పేరును కానీ యథాతథంగా నమ్మనక్కర్లేదు. దారం, స్కేలుబద్ద, వంటింటి డిజిటల్ కాటా ఉంటే రెండింటినీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

మ్యూజియం ముద్ర ఎంతవరకు నమ్మాలి

మ్యూజియంతో కలిసి తయారైన బొమ్మలకు పాత చరిత్రే ఉంది. బ్రిటన్‌లోని ఇన్‌విక్టా కంపెనీ 1970ల మధ్య నుంచి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం 1:45 స్కేలులో బొమ్మలు చేసింది. చాలావరకు ఒకే రంగు ప్లాస్టిక్, రంగుల హంగు లేదు. కానీ ఆ కాలానికి శరీర నిర్మాణంలో వాటిని మించినవి లేవు. 1988లో అమెరికాలోని సఫారీ లిమిటెడ్ కంపెనీ పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం శాస్త్రవేత్తల ఆమోదంతో కార్నెగీ కలెక్షన్ మొదలుపెట్టింది. ప్రకటించిన స్కేలు 1:40. 2015లో ఆ శ్రేణి ఆగిపోయింది. 1990లలో బాస్టన్ మ్యూజియం ఆఫ్ సైన్స్ పేరుతో బట్టాట్ కంపెనీ తెచ్చిన 1:40 బొమ్మల కోసం సేకర్తలు ఇప్పటికీ వెతుకుతూనే ఉంటారు. వాటి ప్రధాన శిల్పులు డాన్ లోరూసో, గ్రెగొరీ వెంజెల్.

మ్యూజియం ముద్ర ఉందంటే, ఆ బొమ్మ తయారైన ఏడాదికి తెలిసిన శాస్త్రాన్ని ఎవరో సరిచూశారని మాత్రమే అర్థం. ఈనాటి శాస్త్రానికి అది సరిపోతుందని హామీ లేదు. కార్నెగీ కలెక్షన్ తొలినాళ్ళ బొమ్మలకూ చివరి ఏళ్ళ బొమ్మలకూ పోలికే ఉండదు. మరోవైపు ఏ మ్యూజియం ముద్రా లేని కొత్త కంపెనీలు కొన్ని అంతకంటే నిక్కచ్చిగా చేస్తున్నాయి. స్పెయిన్‌కు చెందిన ఎయోఫౌనాను నడిపేవాళ్ళే పురాజీవ పరిశోధకులు. చైనా కంపెనీ పీఎన్‌ఎస్‌ఓ వెనక జావో చువాంగ్ అనే చిత్రకారుడు ఉన్నాడు. కాబట్టి ముద్ర కంటే ముందు శిల్పి ఎవరో, తయారైన సంవత్సరం ఏదో చూడండి.

మొదటి మెట్టు: ఒక స్కేలు ఖాయం చేసుకోండి

ఒక్క బొమ్మ కూడా కొనకముందే తేల్చుకోవలసింది ఇదే. తర్వాత మార్చుకుంటే సగం బొమ్మలు అమ్ముకోవాల్సి వస్తుంది. మార్కెట్లో నిజంగా దొరికే స్కేళ్ళు తక్కువే.

1:40 పాతతరం ప్రమాణం. కార్నెగీ, బట్టాట్, కలెక్టా డీలక్స్ శ్రేణి, ఎయోఫౌనా బొమ్మలు కొన్ని ఈ లెక్కలోకి వస్తాయి. పొడవు మెడల సారోపాడ్‌లు కావాలనుకునేవారికి ఇదే నయం. 1:35 ఇప్పటి ప్రమాణం. రెబోర్, హావోలాంగ్‌గుడ్ ప్రధానంగా ఈ స్కేలే వాడతాయి, ఎయోఫౌనాలో మిగిలినవీ ఇంతే. పైగా సైనిక నమూనాల కిట్లది కూడా 1:35 స్కేలే. అందువల్ల పక్కన నిలబెట్టడానికి మనిషి బొమ్మలు సులువుగా దొరుకుతాయి. 1:18 అంటే పెద్ద కార్ల నమూనాల కొలత. బీస్ట్స్ ఆఫ్ ద మెసోజోయిక్ కొమ్ముల డైనోసార్లు ఈ స్కేలులో వస్తాయి, అదే సంస్థ రాప్టర్లు 1:6. చిన్న జంతువుల వివరాలు కనబడాలంటే 1:10 దగ్గర వేరే అర పెట్టుకోవడమే దారి. పాపో, ష్లైఖ్ ఇప్పుడు అమ్మే బొమ్మల్లో చాలావాటికి స్కేలు నియమమే లేదు. డబ్బాలో పట్టే సైజు, అమ్ముడుపోయే ధర, ఈ రెండే వాటి కొలతను నిర్ణయిస్తాయి. అందంగా ఉంటాయనుకోండి, అది వేరే సంగతి.

ఎంచుకునే ముందు ఈ కొలతలు చూడండి. ముందు అసలు కొలత, తర్వాత 1:35, చివర 1:40:

టైరనోసారస్, షికాగో ఫీల్డ్ మ్యూజియంలోని "సూ" – పొడవు 12.3 మీ. – 35.1 సెం.మీ. – 30.8 సెం.మీ.
ట్రైసెరటాప్స్ – పొడవు సుమారు 8 మీ. – 22.9 సెం.మీ. – 20 సెం.మీ.
స్టెగోసారస్, లండన్‌లోని "సోఫీ" – పొడవు 5.6 మీ. – 16 సెం.మీ. – 14 సెం.మీ.
డిప్లోడోకస్ – పొడవు సుమారు 25 మీ. – 71.4 సెం.మీ. – 62.5 సెం.మీ.
గిరాఫటైటన్, బెర్లిన్ అస్థిపంజరం – ఎత్తు 13.27 మీ. – 37.9 సెం.మీ. – 33.2 సెం.మీ.
వెలోసిరాప్టర్ – పొడవు సుమారు 2 మీ. – 5.7 సెం.మీ. – 5 సెం.మీ.
కోటాసారస్ – పొడవు సుమారు 9 మీ. – 25.7 సెం.మీ. – 22.5 సెం.మీ.
1.7 మీ. మనిషి – ఎత్తు – 4.9 సెం.మీ. – 4.25 సెం.మీ.

చివరి నుంచి రెండో వరుస జంతువు మన గోదావరి లోయది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర కోటా శిలల్లో దొరికిన ఈ సారోపాడ్‌కు 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి పేరుపెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. మార్కెట్లో పేరున్న డైనోసార్లకే బొమ్మలు ఎక్కువ. మన జంతువు అరలో ఉండాలంటే త్రీడీ ప్రింట్ చేయించుకోవడం ఒక దారి. ప్రింట్ చేసేవారికి ఫైలుతోపాటు "ముక్కు కొస నుంచి తోక కొస దాకా 22.5 సెం.మీ." అని చెప్పండి. స్కేలు నిష్పత్తి మాత్రమే చెబితే, ఫైలు గీసిన మనిషి ఏ పొడవు అనుకున్నాడో అదే వస్తుంది.

ఈ అంకెల్లో దాగిన చిక్కొకటి ఉంది. 1:35కీ 1:40కీ పొడవులో తేడా ఏడో వంతే. కానీ ఘనపరిమాణంలో 1:35 బొమ్మ దాదాపు ఒకటిన్నర రెట్లు. రెండు స్కేళ్ళు ఒకే అరలో కలిపితే, పొడవు దగ్గరదగ్గరగా ఉన్నా ఒకటి బలిసినట్టు, ఇంకొకటి చిక్కినట్టు కనబడేది ఇందుకే. వేర్వేరు జాతులైతే కన్ను అంతగా పట్టదు. ఒకే జాతివి రెండు పెట్టినప్పుడు మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

రెండో మెట్టు: బొమ్మను కొలవడం

పొడవు కొలవడం అందరికీ సులువనిపిస్తుంది. ఎక్కువ తప్పులు జరిగేదీ అక్కడే. శాస్త్రవేత్తలు చెప్పే పొడవు సాధారణంగా వెన్నుపూసల వెంట కొలిచింది. తోక మెలికలు తిరిగిన బొమ్మను కొస నుంచి కొసకు తిన్నగా కొలిస్తే పొడవు తక్కువ వస్తుంది. వీపు మీద ఎగుడుదిగుడుల వెంట దారం వేస్తే ఎక్కువ వస్తుంది. రెండూ తప్పే.

సాగని దారం తీసుకోండి. కుట్టు దారం సాగుతుంది కాబట్టి పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం మేలు. ముక్కు కొస దగ్గర కాగితపు టేపుతో అంటించండి. శరీరం పక్కభాగంలో, వెన్నెముక ఉండే ఎత్తులో, మెడ, నడుము, తోక వంపులను అనుసరిస్తూ కొస దాకా తీసుకువెళ్ళండి. మెలిక ఉన్నచోట వంపు లోపలివైపు దారం కురచగా, బయటివైపు పొడవుగా వస్తుంది. అందుకని రెండు పక్కలా కొలిచి సగటు తీయండి. సెంటీమీటర్లలోకి మార్చిన అసలు పొడవును ఈ అంకెతో భాగిస్తే స్కేలు వస్తుంది.

అక్కడితో ఆగకండి. ఇంకో రెండు కొలతలు తీయండి: తుంటి ఎత్తు, పుర్రె పొడవు. సూ తుంటి ఎత్తు సుమారు 4 మీ., పుర్రె సుమారు 1.4 మీ. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 1:35 అని అమ్ముతున్న టైరనోసారస్ దారం కొలత 36.5 సెం.మీ., తుంటి 11 సెం.మీ., తల 4.5 సెం.మీ. వచ్చాయనుకోండి. 1230ని 36.5తో భాగిస్తే 33.7. 400ను 11తో భాగిస్తే 36.4. 140ని 4.5తో భాగిస్తే 31.1. అంటే ఒకే బొమ్మ తోక నుంచి చూస్తే 1:34, కాళ్ళ నుంచి చూస్తే 1:36, తల నుంచి చూస్తే 1:31. శరీరం సరిగ్గానే ఉంది, తలే పెద్దది చేశారు. తలలు పెంచడం తయారీదారుల పాత అలవాటు. కొనేవాడి చూపు ముందు పడేది అక్కడే కదా.

ఏ కొలతను నమ్మాలి? తోకను అన్నిటికంటే తక్కువ నమ్మండి. చాలా జాతుల తోక కొస ఎముకలు పూర్తిగా దొరకలేదు, పొడవు అంచనాయే. తుంటి ఎత్తు మెరుగే కానీ కాళ్ళు వంచి పరిగెడుతున్న భంగిమలో పనికిరాదు. అలాంటప్పుడు తొడ, పిక్క, పాదం విడివిడిగా కొలిచి చూసుకోవాలి. మూడు కొలతల్లో రెండు పది శాతం లోపు కలిస్తే ఆ బొమ్మను ఆ స్కేలులోనే లెక్కించండి.

పది శాతం ఎందుకంటే, జంతువులన్నీ ఒకే సైజులో పెరగవు. 12.3 మీటర్ల జంతువు 1:40లో 30.8 సెం.మీ. 11 మీటర్ల జంతువు 1:35లో 31.4 సెం.మీ. పక్కపక్కన పెడితే తేడా చెప్పలేరు. ఒకే బొమ్మ పెద్ద జంతువు అనుకుంటే ఒక స్కేలుకు, మధ్యస్థం అనుకుంటే ఇంకో స్కేలుకు సరిపోతుంది. "ఇది 1:38, నాకొద్దు" అంటూ మంచి శిల్పాన్ని వదులుకోవడం అనవసరమైన పంతం. ఇక కొన్ని ఎముకలే దొరికిన జాతుల విషయంలో స్కేలు గురించి దశాంశాలతో వాదించడానికి ఆధారమే లేదు.

అమ్మేవారు పెట్టిన ఫొటో నుంచి కొలవాల్సి వస్తే పక్కనుంచి తీసిన ఫొటో అడగండి. స్కేలుబద్ద బొమ్మ ముందు కాదు, దాని మధ్యరేఖ దూరంలో ఉండాలి. ఫోన్‌ను రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయాలి. 30 సెం.మీ. దగ్గర నుంచి తీస్తే, మధ్యరేఖ కంటే 3 సెం.మీ. ముందుకున్న కాలు దాదాపు పది శాతం పెద్దదిగా పడుతుంది. రెండు మీటర్ల నుంచి ఆ తేడా ఒకటిన్నర శాతమే.

మూడో మెట్టు: నీళ్ళలో ముంచి బరువు లెక్క

పొడవు సరిపోయినా ఒళ్ళు సరిపోతుందని చెప్పలేం. దానికి ఘనపరిమాణం కావాలి. ఇది బొమ్మల సేకర్తలు కనిపెట్టిన పద్ధతి కాదు, డైనోసార్ల బరువును శాస్త్రవేత్తలు అంచనా వేసిన తీరే ఇది. 1962లో అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్విన్ కోల్బర్ట్ నమూనా బొమ్మలను ఇసుకలో పెట్టి, అవి ఆక్రమించిన చోటు కొలిచాడు. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం అమ్మే ప్లాస్టిక్ బొమ్మలతోనే లెక్క కట్టాడు. బ్రాకియోసారస్‌కు కోల్బర్ట్ లెక్కలో 78 టన్నులు వస్తే, అలెగ్జాండర్ లెక్కలో 47 టన్నుల లోపే వచ్చింది. పద్ధతిలో లోపం లేదు. కోల్బర్ట్ వాడిన బొమ్మే బాగా లావు. ఆ తర్వాతి అంచనాలు ఇంకా కిందికి దిగాయి. బొమ్మ ఒళ్ళు ఎంత ముఖ్యమో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఇంట్లో చేసే పద్ధతి: బొమ్మ పూర్తిగా మునిగేంత లోతైన ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి, ఒక గ్రాము తేడా చూపే డిజిటల్ కాటా మీద పెట్టండి. కాటాను సున్నా చేయండి. బొమ్మను సన్నని దారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. కాటా చూపే గ్రాములే బొమ్మ ఘనపరిమాణం మిల్లీలీటర్లలో. దారం మీద భారం మీ చేతిలో ఉంటుంది, కాటా మీద పడేది బొమ్మ పక్కకు నెట్టిన నీటి బరువు మాత్రమే.

లోపల డొల్లగా ఉన్న బొమ్మ తేలుతుంది. దాన్ని సన్నని ఇనుప తీగతో కిందికి అదిమి, పూర్తిగా మునిగిన క్షణంలో అంకె చూడండి. డొల్ల బొమ్మలకు పొట్ట కిందో, దవడ అతుకులోనో చిన్న రంధ్రం ఉంటుంది. ముందే పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి మట్టితో మూసేయండి. నీళ్ళు లోపలికి వెళితే అంకె తప్పుతుంది, ఆపైన లోపల బూజు పడుతుంది. చర్మపు గీతల్లో గాలి బుడగలు చిక్కుకుంటే కూడా లెక్క తప్పుతుంది. నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేస్తే అవి పోతాయి. నూగు అంటించిన బొమ్మలు, కాగితపు అట్ట అతికించిన దిమ్మెలు నీళ్ళ దగ్గరికి తీసుకురావద్దు.

ఇప్పుడు లెక్క. సూ బరువు సుమారు 8.4 టన్నులని ఒక ప్రసిద్ధ అంచనా. జీవకణజాలం సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఘనపరిమాణం 8,400 లీటర్లు అనుకుందాం. 1:40 స్కేలులో దాన్ని 40 ఘనంతో, అంటే 64,000తో భాగించాలి. వచ్చేది 131 మి.లీ. 1:35కు 42,875తో భాగిస్తే 196 మి.లీ. మీ "1:40" బొమ్మ 180 మి.లీ. చూపిస్తే రెండే అర్థాలు: పొడవు కూడా 34 సెం.మీ. దగ్గర ఉంటే అది నిజానికి 1:36 బొమ్మ. పొడవు 31 సెం.మీ. మాత్రమే ఉంటే బొమ్మకు ఒళ్ళు ఎక్కువ. 110 కన్నా తక్కువ వస్తే ఎముకలకు చర్మం చుట్టినట్టు చేశారన్నమాట. పుర్రె రంధ్రాలు, పక్కటెముకలు బయటికి తేలి కనిపిస్తుంటే అనుమానించాల్సింది ఇదే.

నాలుగో మెట్టు: శరీరం చదవడం

స్కేలు సరిపోయినా జంతువు తప్పు కావచ్చు. బొమ్మ చేతికి రాగానే ముందు చేతులు, పాదాలు చూడండి. అక్కడ శ్రద్ధ పెట్టిన శిల్పి మిగిలినవాటిలోనూ పెట్టి ఉంటాడు.

మాంసాహార డైనోసార్ల అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా, చప్పట్లు కొట్టబోతున్నట్టు ఉండాలి. నేలవైపు తిరిగి ఉంటే తప్పు. ఆ మణికట్టు అలా తిరగదు. టైరనోసారస్‌కు రెండు వేళ్ళు. సారోపాడ్‌ల ముందు పాదాలకు ఏనుగు గోళ్ళలాంటి గోళ్ళ వరుస ఉంటే ఆ బొమ్మను అక్కడే పెట్టేయండి. డిప్లోడోకస్ ముందు పాదం స్తంభంలా ఉండి లోపలివైపు ఒకే ఒక బొటనవేలి గోరు ఉంటుంది. వెనక పాదానికి మూడు గోళ్ళు. ట్రైసెరటాప్స్ ముందుకాలికి అయిదు వేళ్ళున్నా గిట్టలు మొదటి మూడింటికే. స్టెగోసారస్ వీపు పలకలు రెండు వరుసల్లో ఎడాపెడాగా ఉండాలి, ఎదురెదురు జతలుగా కాదు. తోక ముళ్ళు నాలుగు. తోక నేల మీద ఈడ్చే భంగిమ 1970లకు ముందు నాటి ఊహ. ఆ కాలపు బొమ్మగా కొంటే ఫరవాలేదు, ఈనాటి నమూనాగా కొనకండి.

కొన్ని సంవత్సరాలు గుర్తుంటే బొమ్మ ఏ తరం శాస్త్రానికి చెందిందో చప్పున తెలుస్తుంది. ఈకల గుర్తులున్న సైనోసారోప్టెరిక్స్ 1996లో బయటపడింది. వెలోసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకల మొనలు నాటుకున్న గుర్తులను 2007లో ప్రకటించారు. ఆ తర్వాత వచ్చిన వెలోసిరాప్టర్‌కు రెక్కల్లాంటి చేతి ఈకలు లేకపోతే అది తెలిసి చేసిన తప్పు. డైనోకైరస్ పూర్తి రూపం 2014లో తెలిసింది. అంతకుముందు బొమ్మలు రెండు చేతుల ఆధారంగా ఊహించినవే. స్పైనోసారస్‌ది మరీ చిత్రమైన కథ. 2014లో వెనక కాళ్ళు కురచ అన్నారు, 2020లో తోక తెడ్డులా వెడల్పన్నారు. దాని బొమ్మలు నాలుగు తరాలవి వరుసగా పెడితే అదే ఒక ప్రదర్శన. టైరనోసారస్ పళ్ళను పెదవులు కప్పి ఉండేవన్న వాదనకు 2023లో గట్టి మద్దతు వచ్చింది. నోరు మూసుకున్నా పళ్ళు బయటికి కనిపించే బొమ్మల మీద అప్పటి నుంచి సేకర్తల్లో మోజు తగ్గుతోంది.

రెండు కాళ్ళ డైనోసార్లలో ఇంకొక మోసం ఉంటుంది. నిలబెట్టడం కోసం పాదాలు పెద్దవి చేస్తారు, లేదా తోకను మూడో కాలిలా నేలకు ఆనిస్తారు. సన్నని పారదర్శక కడ్డీ ఇచ్చి పాదాలను సరైన కొలతలో ఉంచిన బొమ్మ చూడటానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా, శిల్పం నిజాయితీ దానిదే.

కొనేటప్పుడు

పొట్ట కింద లేదా పాదాల అడుగున కంపెనీ పేరు, సంవత్సరం, కొన్నిసార్లు జాతి పేరు ముద్రించి ఉంటాయి. పాత బొమ్మ కొంటే ఆ ముద్ర ఫొటో ముందే అడగండి. ముద్ర సంవత్సరం అచ్చు తయారైనది, రంగు వేసినది కాదు. ఒకే అచ్చు మీద కంపెనీలు రంగులు మార్చి మళ్ళీ మళ్ళీ అమ్ముతాయి.

నకిలీలు ఎక్కువగా పేరున్న శిల్పాలవే. అసలు బొమ్మ నుంచి తీసిన అచ్చు కాబట్టి నకిలీ కొంచెం చిన్నదిగా ఉంటుంది, ముద్ర అక్షరాలు మసకగానో అసలు లేకుండానో ఉంటాయి, అతుకుల దగ్గర ప్లాస్టిక్ పొర మిగిలి ఉంటుంది, ఘాటైన వాసన వస్తుంది. కళ్ళు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కంటిపాప రెండు వైపులా ఒకేచోట ఉండదు.

భారత్‌లోకి తెప్పించుకునేవారు బొమ్మ ధరతో పాటు సుంకం లెక్కేయాలి. బొమ్మల మీద మౌలిక కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఆపైన రవాణా, పన్ను, కొరియర్ రుసుము. ఆర్డర్ పెట్టే రోజున ఉన్న రేటు చూసుకోండి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కావడంతో చిన్న విదేశీ కంపెనీల సరుకు దుకాణాల్లోకి రావడం తగ్గింది. అమెరికా నుంచి బంధువుల సామానులో వచ్చేటట్టయితే రెసిన్ (పోత పోసిన గట్టి, పెళుసు ప్లాస్టిక్) బొమ్మలు అడగకండి. పీవీసీ బొమ్మ బట్టల మధ్య క్షేమంగా వస్తుంది, రెసిన్ తోక విరుగుతుంది. డబ్బాను విప్పి చదును చేసి సూట్‌కేసు అడుగున పరవమని చెప్పండి. పాత బొమ్మ అమ్మాల్సివచ్చినప్పుడు డబ్బాకూ ధర ఉంటుంది.

వేడి, జిగట, విరుపులు

తెలుగు నేల మీద ఈ బొమ్మలకు మొదటి శత్రువు మే నెల. గది ఉష్ణోగ్రత నలభై దాటిన రోజుల్లో మెత్తటి పీవీసీ కాళ్ళు శరీరం బరువుకు మెల్లగా వంగుతాయి, బొమ్మ ముందుకు ఒరుగుతుంది. పడమటి గోడకు ఆనించిన అర, డాబా కింది గది, ఎండ పడే కిటికీ వద్దు. వేసవిలో రెండు కాళ్ళ బొమ్మలను పడుకోబెట్టి ఉంచడమే మంచిది.

వంగిన కాలు సరిచేయడానికి: నీళ్ళు మరిగించి దించి, రెండు మూడు నిమిషాలు ఆగండి. వంగిన భాగం మాత్రమే ముంచి ఒకటి, ఒకటిన్నర నిమిషం ఉంచండి. చేతికి గుడ్డ చుట్టుకుని, కావాల్సిన వంపు కంటే కాస్త ఎక్కువే వంచి పట్టుకోండి, ఎందుకంటే ప్లాస్టిక్ కొంత వెనక్కి వస్తుంది. అలాగే పట్టుకుని ఐస్ నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచండి. బయటే చల్లారనిస్తే పాత వంపుకే తిరిగి వెళుతుంది. పొయ్యి మీద మరుగుతుండగా ముంచితే రంగు లేస్తుంది. రెసిన్‌కు, జిగురుతో అతికిన కీళ్ళకు ఈ వైద్యం పనికిరాదు.

జిగట ఇంకో జబ్బు. పీవీసీని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. మూసిన పాలిథిన్ సంచిలో, వేడిలో అది వేగంగా జరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా సబ్బు ద్రవం, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, గాలి ఆడేచోట ఉంచండి. మళ్ళీ ఊరితే మళ్ళీ కడగాలి, శాశ్వత మందు లేదు. థిన్నర్, గోళ్ళ రంగు తుడిచే ద్రవం, స్పిరిట్ ఏవీ తగలనివ్వద్దు. రెండు పీవీసీ బొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని ఏళ్ళ తరబడి ఉంటే రంగు ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుకుంటుంది. వార్నిష్ చెక్క మీద, అక్రిలిక్ షీటు మీద కూడా మచ్చలు పడతాయి. గాజు అర మేలు.

విరిగిన రెసిన్ తోకకు ఒట్టి సూపర్ గ్లూ చాలదు. రెండు ముక్కల్లోనూ ఒక మిల్లీమీటరు రంధ్రం అయిదారు మిల్లీమీటర్ల లోతున చేసి, ఇత్తడి తీగ దింపి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురుతో అతికించండి. రంధ్రాలు ఎదురెదురుగా రావాలంటే ఒక ముక్కలో ముందు రంధ్రం చేసి, దాని చుట్టూ చుక్క రంగు పెట్టి, రెండో ముక్కను అద్దితే చోటు తెలుస్తుంది.

అరలో అమర్చడం

కాలాన్ని బట్టి పెట్టండి. స్టెగోసారస్, అల్లోసారస్, డిప్లోడోకస్ ఒక అర: జురాసిక్ చివర, సుమారు 15 కోట్ల ఏళ్ళ నాటివి. టైరనోసారస్, ట్రైసెరటాప్స్, ఎడ్మంటోసారస్, ఆంకిలోసారస్ ఇంకొక అర: 6.6 కోట్ల ఏళ్ళ చుట్టుపక్కలవి. స్టెగోసారస్‌తో టైరనోసారస్ పోట్లాడుతున్నట్టు పెడితే మధ్య ఉన్న ఎనిమిది కోట్ల ఏళ్ళు మాయమవుతాయి. వీపున తెరచాప ఉన్న డైమెట్రోడాన్‌ను డైనోసార్ల అర నుంచి తీసేయండి. అది డైనోసార్ కాదు, వాటికంటే ఎంతో ముందుది.

డిప్లోడోకస్ కావాలనుకుంటే అర వెడల్పు కనీసం 80 సెం.మీ. చేయించండి, లోతు 30 సెం.మీ. చాలు. ప్రతి అరలో ఒకే స్కేలు మనిషి బొమ్మ ఒకటి నిలబెట్టండి. ప్రతి బొమ్మకూ ఒక వరుస చొప్పున పట్టిక రాసుకోండి: కంపెనీ, అచ్చు సంవత్సరం, ప్రకటిత స్కేలు, దారం కొలత, తుంటి ఎత్తు, తల పొడవు, ఘనపరిమాణం, ఏ జంతువును ఆధారం చేసుకుని లెక్క కట్టారో ఆ నమూనా పేరు. చివరి గడి ఖాళీగా వదిలేస్తే ముందున్న అంకెలన్నీ ఎందుకూ పనికిరావు. రేపు ఆ జాతి పొడవు అంచనా మారినప్పుడు ఏ బొమ్మల లెక్క తిరిగి వేయాలో ఆ గడి చూస్తేనే తెలుస్తుంది.